కాలేజీ ర్యాంకును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో 24 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. ఒక జాబితాలో 12వ స్థానంలో ఉన్న కాలేజీ మరోదానిలో 31వ స్థానంలో ఉంది. అందుకే నాలుగు జాబితాలు కలిపి సగటు తీశాను. అందులో పైకి వచ్చిన కాలేజీలో సీఎస్‌ఈ-ఏఐ (కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ) చేరమంటే వాడు ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) అంటున్నాడు. ఏం చేయాలి?
- ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు పంపిన ఎక్సెల్ పట్టికను శ్రద్ధగా చూశాను. నలభై కాలేజీల పేర్లూ, నాలుగు రంగుల గడులూ ఉన్నాయి గాని, అబ్బాయి ఇష్టానికి ఒక్క గడి కూడా కేటాయించలేదు. పైగా ఒక్కో జాబితా ఒక్కో కొలతతో తయారైనప్పుడు వాటికి సగటు తీయడం కిలోలనూ లీటర్లనూ కలిపి కూడటమే అవుతుంది.

కేంద్రం 2016 నుంచి వెలువరిస్తున్న విద్యాసంస్థల ర్యాంకుల జాబితా ఎన్‌ఐఆర్‌ఎఫ్‌నే తీసుకోండి. ఇంజినీరింగ్ విభాగంలో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు మరో 30 శాతం వెయిటేజీ ఉంటుంది కనుక, పరిశోధన పత్రాలు పెరిగితే కాలేజీ పైకి వెళ్తుందే తప్ప, రెండో ఏడాది ల్యాబ్‌లో మీవాడి పక్కన నిలబడి చెప్పేవారు ఉన్నారో లేరో ఆ ర్యాంకు చెప్పదు. అది సంస్థకు ఇచ్చేదే గాని బ్రాంచికి ఇచ్చేది కాదు. అంకెల్లో చాలావరకు కాలేజీలు స్వయంగా సమర్పించేవే. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన వివరాలను అక్కడి గణితాచార్యుడే ప్రశ్నించగా, 2022లో ఆ సంస్థ ఒక ప్రసిద్ధ జాబితాలో 2వ స్థానం నుంచి 18కి పడిపోయింది. అంత పెద్ద చోటే అలా జరిగింది మరి.

అయినా జాబితా పనికిరాదని అనను. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు సమర్పించిన వివరాల్లో మధ్యస్థ జీతం, అంటే వరుసలో సరిగ్గా నడిమి విద్యార్థికి వచ్చింది, ఉంటుంది. బెంజి సర్కిల్ హోర్డింగుల మీద మెరిసే ప్యాకేజీ ఏ ఒక్కరిదో. మీరు చూడవలసింది ఈ నడిమి అంకె.

ఇక ఏఐ మోజు గురించి నా సందేహాన్ని దాచుకోను. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బ్రాంచికి ఇన్ని సీట్లేనన్న గరిష్ఠ పరిమితిని ఎత్తివేసింది. సెక్షన్లు పెంచడానికి ఒక ఉత్తర్వు చాలు, ఆ సబ్జెక్టు చెప్పగల అధ్యాపకులు మాత్రం ఒక్క వేసవిలో తయారు కారు. చాలాచోట్ల మొదటి రెండేళ్ల పాఠాలు మామూలు సీఎస్‌ఈవే. ఈసీఈ చదివినవాడు ప్రోగ్రామింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లడమూ మనకు కొత్త కాదు. అటువంటప్పుడు ఇష్టంలేని బ్రాంచిలోకి వాడిని నెట్టడం దేనికి?

మీ అసలు భయం ర్యాంకుల గురించి కాదని నాకు తెలుసు. రేపు పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా ‘ఏ కాలేజీ?’ అంటే ఏం చెప్పాలన్నదే. కొంచెం కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి: ఆ జవాబు కోసం నాలుగేళ్లు చదవవలసింది మీరు కాదు. పట్టికలో మీవాడి ర్యాంకుకు అందే కాలేజీలు ఆరో ఏడో ఉన్నాయి. వాటిలో దేనిలో చేరినా వాడి బతుకేమీ చెడిపోదు, నిశ్చింతగా ఉండండి.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేలోపు ఇద్దరూ కలిసి రెండు కాలేజీలకైనా వెళ్లి రండి. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర మూడో ఏడాది ఈసీఈ పిల్లలు దొరికితే, పోయిన సెమిస్టర్‌లో ల్యాబ్ ఎన్ని వారాలు జరిగిందో, ఒక్కో కిట్ మీద ఎంతమంది కూర్చున్నారో అడగమని అబ్బాయికి చెప్పి, మీరు కాస్త దూరంగా నిలబడండి.