వేపచిగురు మిరపపండు కాకుండా

ప్రశ్న: మాది నిజామాబాద్. ఈ ఏడాది హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్‌లో చేరాను. కంప్యూటర్ కోసం నాన్న చీటీ పాడి డెబ్బై వేలు తెచ్చారు. దుకాణంలో గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమన్నారు. మ్యాక్ లేకుండా డిజైనర్ కాలేవని సీనియర్ల మాట. ఐప్యాడ్ చాలంటాడు మా అన్నయ్య. ఏది కొన్నా నాలుగేళ్లు నడవాలి. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని

జవాబు: ముందు ఆ డబ్బు ఒక ఆరు నెలలు నాన్నగారి దగ్గరే ఉండనివ్వమ్మా. మొదటి ఏడాది నీకు ఎక్కువగా పని పడేది పెన్సిళ్లతో, పోస్టర్ రంగులతో, కార్ట్రిడ్జ్ షీట్లతో. ఈలోగా కాలేజీ ల్యాబ్‌లో కూర్చో. నీ చేయి అక్షరాల వైపు పోతుందా, బొమ్మల వైపా, యానిమేషన్ వైపా అన్నది అక్కడ తేలుతుంది. కొనాల్సిన యంత్రం దాన్నిబట్టి మారుతుంది.

పాతికేళ్లుగా పత్రికలకు బొమ్మలు వేస్తున్నాను. మొదటి ల్యాప్‌టాప్ కొన్నప్పుడు నేనూ దుకాణదారు మాటే విన్నాను. కీబోర్డు కింద రంగురంగుల దీపాలు వెలిగే గేమింగ్ ల్యాప్‌టాప్ అది. దాని మీద ఒక పిల్లల పుస్తకానికి వేపచెట్టు బొమ్మ వేశాను. కొత్తగా వచ్చే వేపచిగురు లేత రాగిరంగులో ఉంటుంది కదా, ఆ రంగు తెర మీద ఎంతకీ పలకలేదు. వెలవెలబోతున్నదని పెంచుకుంటూ పోయాను. తీరా అచ్చయి వచ్చాక చూస్తే చిగురు కాస్తా మిరపపండైంది. తప్పు ప్రెస్సుది కాదు, నా తెరది. దానికి చాలా రంగులు కనిపించవు, అది నాకు చెప్పలేదు.

అందుకే ధర కంటే ముందు తెర సంగతి అడుగు. వివరాల పట్టీలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ (తెర చూపగల రంగులకు ఒక కొలత) అని ఉంటే పక్కన పెట్టేయి. మామూలుగా డిజైనర్లు వాడే ఎస్ఆర్‌జీబీ రంగుల్లో మూడింట ఒక వంతు దానికి కనిపించదు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలను వేగంగా నడిపే భాగం) ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కూడా ఇలాంటి తెరలు బిగిస్తారు. నీకు కావలసింది ‘100 శాతం ఎస్ఆర్‌జీబీ’ అని రాసి ఉన్నది. ఐపీఎస్, ఓలెడ్ అనే తెర రకాల్లో ఏదైనా సరే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు రద్దీ లేని పూట వెళ్లు. పసుపు, కుంకుమ, తమలపాకు ఒకే పళ్లెంలో పెట్టి తీసిన ఫొటో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రెండు మూడు ల్యాప్‌టాప్‌లలో పక్కపక్కనే తెరిచి చూడు. తెరను కాస్త వెనక్కి వంచినప్పుడు పసుపు తెల్లబోతే అది నీకు పనికిరాదు. దుకాణంలో విసుక్కుంటారు. విసుక్కోనివ్వు, డబ్బు మీది.

తెర తర్వాత ర్యామ్, అంటే పని చేస్తున్నంతసేపూ ఫైళ్లను పట్టి ఉంచే జ్ఞాపకశక్తి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) ఏ3 పోస్టర్ అంటే 3508 × 4961 పిక్సెళ్లు. నిండుగా రంగు వేసిన ఒక్కో లేయర్ (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొర) సుమారు 70 ఎంబీ తింటుంది. నలభై లేయర్లకు దాదాపు 2.8 జీబీ. అదే ఏ2 అయితే దానికి రెట్టింపు. వెనక్కి వెళ్లి దిద్దుకోవడానికి దాచే మెట్లు, పక్కన తెరిచిపెట్టిన బ్రౌజర్, విండోస్ సొంత ఖర్చు వేరే. 8 జీబీ ఆయాసపడుతుంది, 16 తీసుకో. తర్వాత పెంచుకునే స్లాట్ ఉందో, లేక చిప్ బోర్డుకే అతికించి ఉందో అడుగు. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. గ్రాఫిక్స్ కార్డు అప్లైడ్ ఆర్ట్‌కు పెద్దగా అక్కరలేదు.

మ్యాక్ చెడ్డదని అనను. తెర బాగుంటుంది, బ్యాటరీ నిలుస్తుంది. కానీ కొన్నాక ర్యామ్ పెంచలేవు. పైగా మన ఊళ్లలో చాలా ప్రెస్సులు ఇప్పటికీ కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్ల మీదే నడుస్తున్నాయి. సెలవుల్లో నిజామాబాద్‌లో పెళ్లి శుభలేఖలో ఫ్లెక్సీలో చేసి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలంటే విండోస్‌తోనే సుఖం. ఇక ఐప్యాడ్ మీద గీయడం ఆనందమే, ఒప్పుకుంటాను. నాలుగేళ్ల చదువుకు అదొక్కటే ఆధారం అంటే మాత్రం ఒప్పుకోను.

గీయడానికి తెర లేని పెన్ టాబ్లెట్ (పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడే పలక) కొనుక్కో, అయిదు వేల లోపే దొరుకుతుంది. చేయి కింద, చూపు పైన కాబట్టి మొదటి పదిరోజులు గీత ఎటో పోతుంది. ఏడుపొస్తుంది కూడా. తర్వాత అలవాటవుతుంది. ల్యాప్‌టాప్ మీద అరవై వేలు దాటవద్దు. మిగిలిన పదివేలలో ఈ పెన్ను, ఫైళ్లు దాచుకునే బయటి హార్డ్ డిస్క్ రావాలి.

దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోకు. బొమ్మలకు క్రిటా, లోగోలకు ఇంక్‌స్కేప్ ఉచితమే. అడోబీ వాళ్లు విద్యార్థులకు తక్కువ ధరకు ఇస్తారు. ఫొటోషాప్‌లో ‘లక్ష్మి’ అని కొడితే ఒత్తులు చెల్లాచెదురయ్యాయా? పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోట దక్షిణాసియా భాషల ఎంపిక ఉంటుంది, కొన్నింటిలో దాన్ని ‘వరల్డ్ రెడీ’ అంటారు. అది మార్చి కొత్త ఫైలు తెరువు. రామభద్ర, మండలి, రవిప్రకాష్ లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి శిల్పం చదువుతున్నాడు. వాడూ కంప్యూటర్ అడుగుతున్నాడు. మట్టి పిసికేవాడికి కంప్యూటర్ ఎందుకండీ?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: శిల్పాల ఊరి నుంచి ఈ ప్రశ్న వచ్చినందుకు నవ్వుకున్నాను. చేసిన బొమ్మల ఫొటోలు దాచుకోవడానికే అయితే ఫోను చాలండి. బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను చెక్కి, నాలుగు వైపులా తిప్పి చూసుకుని, ఆ తర్వాత మట్టి పెట్టాలన్నది వాడి ఆలోచన అయితే కొనివ్వండి. పైన ఆ అమ్మాయికి వద్దన్న గ్రాఫిక్స్ కార్డు వాడికి కావాలి. మోసుకు తిరిగే పని లేదు కాబట్టి డెస్క్‌టాప్ అయితే అదే డబ్బుకు ఎక్కువ బలం వస్తుంది. యూపీఎస్ మాత్రం మరిచిపోవద్దు. మూడు గంటలు చెక్కిన ముఖం కరెంటుతో పాటు పోతే, మట్టి బొమ్మలా తడిగుడ్డ కప్పి కాపాడుకునే వీలుండదు.