ల్యాంపుల ఫ్యాక్టరీలో చేరిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవెనలు.

హాలోజన్ ల్యాంపుల సెక్షన్‌లో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఎల్ఈడీలు వచ్చాక ఇంకా ఆ పనేంటని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఓవెన్ వేడిలో ఎల్ఈడీ బతకదు.

గాజులన్నీ కంటికి ఒకేలా ఉంటాయి గానీ వేడికి ఒకేలా సాగవు. మీటరు పొడవున్న మామూలు సోడా గాజు గొట్టాన్ని 100 డిగ్రీలు వేడెక్కిస్తే దాదాపు 0.9 మిల్లీమీటరు సాగుతుంది. ల్యాబ్ సీసాలకు వాడే బోరోసిలికేట్ గాజు అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఒట్టి సిలికాతో చేసే క్వార్ట్జ్ గాజు అయితే 0.05 దగ్గరే ఆగిపోతుంది. మంటలో పెడితే సోడా, బోరోసిలికేట్ చక్కగా అతుక్కుంటాయి. తగువంతా చల్లారేటప్పుడే.

నేను పనిలో చేరిన రెండో ఏడు, నైట్ షిఫ్ట్‌లో నిద్రమత్తులో బోరోసిలికేట్ గొట్టాలు కొన్ని సోడా గాజు ర్యాకులో పెట్టేశాను. వాటిని సోడా గాజుకి మంటలో అతికించి, ట్రేలో సర్ది టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి ట్రేలోంచి టిక్, టిక్ అని చప్పుడు. ఒక్కటీ మిగల్లేదు.

ఆ రోజు మా మేస్త్రీ తిట్టలేదు, ఒక పరీక్ష నేర్పాడు. రెండు రకాల కడ్డీలను పక్కపక్కన ఆనించి, మంటలో మెత్తబరిచి, సన్నటి దారంలా లాగాలి. చల్లారాక దారం తిన్నగా ఉంటే జోడీ కుదిరినట్టే. విల్లులా వంగితే ఆ రెండింటినీ కలపకు. వంపుకి లోపలివైపు ఉన్నది ఎక్కువ ముడుచుకునే గాజు. ఓ పది దారాలు లాగితే చెయ్యి తిరుగుతుంది.

పాత బల్బుల కాడలకు వాడే సీసం గాజు ఎప్పుడైనా చేతికొస్తే, మంటలో ఆక్సిజన్ తగ్గనివ్వకు. తగ్గిందా, నల్లబడిపోతుంది.

ఇక నీ అసలు పని క్వార్ట్జ్‌తో. దాని సాగుడుకి సరిపడే లోహమే లేదు. అందుకే సీలులో, అంటే కరెంటు లోపలికి వెళ్లేచోట గాజును నొక్కి మూసే భాగంలో, తీగకు బదులు జుట్టు కంటే పల్చటి మాలిబ్డినం రేకు పెడతారు. పల్చన కాబట్టి గాజు లాగినట్టల్లా లొంగుతుంది. కానీ సీలు దగ్గర 350 డిగ్రీలు దాటితే గాలి తగిలి ఆ రేకు తుప్పుపట్టి ఉబ్బుతుంది, సీలు పగులుతుంది. ల్యాంపు త్వరగా పోయిందని కంప్లైంట్ వస్తే ముందు హోల్డరు వేడి చూడు.

క్వార్ట్జ్‌ని ఒట్టి చేత్తో ముట్టుకోకు. చెమటలోని ఉప్పు అంటిన చోట, ల్యాంపు వెలిగాక పాలపొరలా తెల్లబడుతుంది. గ్లవ్స్ మరచిపోతే స్పిరిట్‌తో తుడిచెయ్, సిగ్గుపడకు. మంట దగ్గర నల్ల కళ్లద్దాలు మాత్రం తీయకు. నా కళ్ల సంగతి నీకు తెలుసుగా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నువ్వు లాగిన దారాలు నాలుగు అగ్గిపెట్టెలో పెట్టి పట్రా, చూద్దాం.

మీ మామయ్య