ఆటలు ఎక్కించి ఇచ్చిన స్విచ్ అప్‌డేట్ అడుగుతోంది: నొక్కాలా, మానాలా?

పాలకొల్లు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. అబ్బాయి కోసం భీమవరంలో నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రం పాతది ఒకటి కొన్నారు. అమ్మినవారు మెమరీ కార్డులో నలభై ఆటలు ఎక్కించి, దీన్ని వైఫైకి కలపవద్దని, అప్‌డేట్ అడిగితే నొక్కవద్దని చెప్పి పంపారు. ఈ మధ్య మేనమామ దుబాయి నుంచి వస్తూ అసలు ఆట కార్డు ఒకటి తెచ్చారు. అది పెట్టగానే ముందు సిస్టమ్ అప్‌డేట్ చేయాలంటోంది. చేస్తే యంత్రం పాడైపోతుందా, ఇన్నాళ్లూ అబ్బాయి ఆడినదంతా పోతుందా అన్నది ఆయన సందేహం.

సాధారణంగా యంత్రం పాడవదు. ఎక్కించిన నలభై ఆటలు మాత్రం ఆగిపోతాయి. అబ్బాయి ఆడినది మిగులుతుందా, పోతుందా అన్నది ఆ సేవ్‌లు, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునే ఫైళ్లు, ఎక్కడ ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఈ పూటకు ఆగి, కింద చెప్పబోయే ఒక్క సంగతి చూసుకున్న తరువాత నొక్కండి. ఇంత నిక్కచ్చిగా ఎందుకు చెబుతున్నానంటే, చూసుకోకుండా నొక్కిన ఇల్లు మాది.

2009లో నేను అమలాపురంలో ఇంటర్ చదువుతున్నాను. కువైట్‌లో పనిచేసే మా పిన్ని సెలవుకు వస్తూ, చాక్లెట్ల డబ్బాలకూ కొబ్బరినూనె వాసన అంటని కొత్త తువ్వాళ్లకూ మధ్య చుట్టి, చేతిలో పట్టుకుని ఆడే సోనీ పీఎస్‌పీ యంత్రం ఒకటి తెచ్చింది. 2000 సిరీస్, అందరూ స్లిమ్ అనేది. దానితో వచ్చిన డిస్కు ఒక్కటే. కోనసీమలో ఆ డిస్కులు అమ్మే దుకాణం నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఆ ఒక్క ఆటా నెల తిరగకుండానే మొహం మొత్తింది. రాజమండ్రిలో ఒకాయన ఆరువందలు తీసుకుని ఎన్ని ఆటలైనా ఎక్కించి ఇస్తాడని కాలేజీలో ఎవరో చెప్పగా, రావులపాలెం మీదుగా బస్సులో గౌతమి దాటి వెళ్లాను.

ఆ దుకాణంలో చూసినది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఆయన నా బ్యాటరీ తీసి పక్కన పెట్టి, సొరుగులోంచి పెన్నుతో గుర్తు పెట్టిన మరో బ్యాటరీ తీశాడు. తన మెమరీ స్టిక్ దోపి, ఆ బ్యాటరీ పెట్టగానే, నేను పవర్ మీట తాకకుండానే పచ్చ దీపం వెలిగింది. దాన్నే పండోరా బ్యాటరీ అనేవారు. బ్యాటరీలోని చిన్న చిప్‌లో సీరియల్ నంబరు ఉంటుంది, దాన్ని ఒక ప్రత్యేక విలువకు మార్చితే పీఎస్‌పీ తనను మరమ్మతు కేంద్రానికి తెచ్చారనుకుని, తనలోని సిస్టమ్‌ను పక్కన పెట్టి మెమరీ స్టిక్‌లో ఉన్నదాన్ని నడుపుతుంది. కంపెనీ తన మరమ్మతు మనుషుల కోసం పెట్టుకున్న పెరటి తలుపు అది. 2007లో బయటివారికి ఆ తలుపు తెలిసిపోయింది.

ఇంటికి వచ్చాక ఆరు నెలలు పండుగే. తరువాత విశాఖ నుంచి వచ్చిన మా పెద్దనాన్న కొడుకు ఒక అసలు డిస్కు ఇచ్చి వెళ్లాడు. అప్పట్లో కొత్త డిస్కుల్లో ఆటతో పాటు ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే సిస్టమ్) అప్‌డేట్ కూడా ఉండేది, ఇంటర్నెట్ లేని ఇంటికి సైతం అప్‌డేట్ చేరడానికి అదే దారి. ఇవాళ మీ ఆట కార్డు అడుగుతున్నదీ సరిగ్గా అదే. నేను స్నానానికి వెళ్లిన సమయంలో మా తమ్ముడు సరే అని నొక్కాడు. ఛార్జర్ పెట్టనిదే అప్‌డేట్ మొదలు కాదంటే ఛార్జర్ కూడా బుద్ధిగా పెట్టాడు. శ్రావణమాసపు వాన, సగం గీత నిండేసరికి కరెంటు పోయింది. వసారాలో చీకటి, ఆ చిన్న తెర ఒక్కటే వెలుగు, దాని మీదకు వంగి మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తూ ఉన్నాము. బ్యాటరీ నిండుగా ఉండబట్టి గట్టెక్కాము. ఛార్జరూ ఉండాలి, బ్యాటరీలోనూ ఛార్జ్ ఉండాలి అని కంపెనీవారు పట్టుబట్టడం ఎందుకో ఆ రాత్రి అర్థమైంది. సిస్టమ్ రాసే మెమరీలో సగం రాత జరిగాక కరెంటు ఆగితే, ఆ తరువాత దాన్ని తిరిగి లేపడం మన చేతిలో ఉండదు. దానినే ఇటుక అయిపోయింది అంటారు. గోదావరి గట్ల వెంట ఇటుక బట్టీలు చూస్తూ పెరిగినవాళ్లకు ఆ మాట వేరే వివరించనక్కరలేదు.

యంత్రం బతికింది, ఆటలు బతకలేదు. మెమరీ స్టిక్‌లో మూడు జీబీలు నిండే ఉన్నట్టు చూపిస్తోంది, జాబితాలో మాత్రం ఒక్క ఆటా లేదు. ఆయన వేసిన చిన్న చిన్న ప్రోగ్రాములు ఒకదాని కింద ఒకటి ‘పాడైన డేటా’ అన్న పేరుతో వరుసగా నిలబడ్డాయి. నిజానికి ఏదీ పాడవలేదు. అసలు సిస్టమ్‌కు ఆ ఫైళ్లు ఆటలుగా కనబడవు, అంతే. మళ్లీ రాజమండ్రి, మళ్లీ నాలుగువందలు, మళ్లీ అదే హెచ్చరిక: అప్‌డేట్ చేయవద్దు. బస్సులో తిరిగి వస్తూ లెక్క వేసుకుంటే, నేను కొన్నది ఉచిత ఆటలు కాదని తెలిసింది. ఏ రోజు ఎలా ఉందో ఆ రోజు దగ్గరే గడ్డకట్టిన యంత్రాన్ని కొన్నాను. దాన్ని కదిపినప్పుడల్లా అదే దుకాణానికి డబ్బు కట్టాలి.

అప్‌డేట్‌కూ దొంగ ఆటలకూ ఇంత పగ ఎందుకంటే, యంత్రం ఏ ప్రోగ్రామ్‌ను నడిపేముందైనా దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉందో లేదో చూసుకుంటుంది. సంతకం లేని ఆట నడవాలంటే ఆ తనిఖీని తప్పించే తప్పు ఒకటి సిస్టమ్‌లో దొరకాలి. 2005లో పీఎస్‌పీ 2.0 ఫర్మ్‌వేర్‌లో అలాంటి తప్పు బొమ్మలు చూపించే భాగంలో దొరికింది. ప్రత్యేకంగా తయారుచేసిన ఒక టిఫ్ బొమ్మను తెరిస్తే చాలు, బయటి ప్రోగ్రామ్ లోపలికి దూరేది. ఆ తప్పుతో పాత 1.50 సిస్టమ్‌కు దిగిపోవచ్చని కుర్రవాళ్లు సంబరపడుతున్న ఆ అక్టోబరులోనే, అదే పని చేసే సాధనంగా వేషం వేసుకుని ఒక ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్‌లా నటించే హానికర ప్రోగ్రామ్) వచ్చి, నమ్మి నడిపినవారి సిస్టమ్ ఫైళ్లను తుడిచిపెట్టి పీఎస్‌పీలను ఇటుకలు చేసింది. గోడకు కన్నం ఉంటే మనకు ఇష్టమైనవాళ్లే దూరతారన్న భరోసా లేదు. అందుకే అప్‌డేట్‌ను కేవలం కంపెనీ అత్యాశగా కొట్టిపారేయలేను. ఒకే మూటలో మన రక్షణా ఉంటుంది, వారి వ్యాపార రక్షణా ఉంటుంది. విడదీసి ఇవ్వమంటే ఇవ్వరు.

అలాగని కంపెనీల వైపు పూర్తిగా నిలబడనూ లేను. 2011లో నింటెండో 3డీఎస్ వచ్చినప్పుడు, అప్‌డేట్లు దానంతట అదే దింపుకునే ఏర్పాటు, మార్పులు చేసిన యంత్రం అప్‌డేట్ తరువాత శాశ్వతంగా పనిచేయకపోవచ్చన్న షరతు రెండూ ఉండటంతో, అమెరికాలోని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారి ఉద్యమం కంపెనీకి అట్ట ఇటుకలు పోస్టులో పంపి నిరసన తెలిపింది. డబ్బు పెట్టి కొన్న వస్తువును, తాను మెచ్చని పని చేసినందుకు, అమ్మినవాడు దూరం నుంచి చంపవచ్చా అన్నది వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. స్విచ్ కూడా వైఫై తగిలితే నిద్రలో ఉండగానే అప్‌డేట్‌ను దింపి ఉంచుకుంటుంది. దింపుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. నొక్కమని అడిగేటప్పుడు ఏం మారుతుందో చెప్పకుండా ‘సిస్టమ్ స్థిరత్వం మెరుగుపడింది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడమే నచ్చదు.

ఇక మీ యంత్రం సంగతి. 2017 మార్చిలో వచ్చిన తొలి స్విచ్‌లలో ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1 చిప్ ఉంది. యంత్రం లేవగానే మొట్టమొదట నడిచే ప్రోగ్రామ్ ఆ చిప్‌లోనే ఫ్యాక్టరీలో అచ్చు పోసినట్టు ఉంటుంది, తరువాత ఎవరూ మార్చలేరు. అందులోని తప్పు ఒకటి 2018లో బయటపడింది. ఏ అప్‌డేటూ దాన్ని పూడ్చలేదు కనుక, ఆ ఏడాది నడిమి నుంచి నింటెండో చిప్‌నే సరిచేసి కొత్త యంత్రాలు తయారుచేసింది. మీకు అమ్మినాయన ఆ తప్పును వాడుకునేందుకు కుడివైపు జాయ్‌కాన్ (పక్కన బిగించే కంట్రోలర్) గాడిలో పెట్టడానికి చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇచ్చి ఉంటే, మీది తొలినాటి యంత్రమే. అలాంటి ముక్క ఏదీ లేకుండానే దొంగ ఆటలు నడుస్తున్నాయంటే, విప్పి లోపల బోర్డు మీద వేరే చిప్పు అతికించి ఉండవచ్చు.

అప్‌డేట్ ఎక్కితే వెనక్కి దిగడం సులభం కాదు. చిప్ లోపల ఈ-ఫ్యూజులు ఉంటాయి. కొన్ని అప్‌డేట్లు వాటిలో ఒకదాన్ని శాశ్వతంగా కాల్చేస్తాయి. తరువాత పాత సిస్టమ్ పెడితే, లేచేటప్పుడు కాలిన ఫ్యూజులను లెక్కపెట్టుకుని అసలు సిస్టమ్ నడవనంటుంది. అయితే మీరు అసలు ఆట ఆడటానికే అప్‌డేట్ చేస్తున్నారు కాబట్టి దీనికి దిగులు పడనక్కరలేదు.

ఇప్పుడు ఆ ఒక్క సంగతి. దుకాణాలవారు చాలామంది అసలు సిస్టమ్‌ను ముట్టుకోకుండా, దాని నకలును మెమరీ కార్డులో పెట్టి, ఆ నకలునే నడుపుతారు. దీన్ని ఈమ్యూ-ఎమ్‌ఎమ్‌సీ అంటారు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిల కాపురం అనుకోండి, ఒక వంటింట్లో వండినది రెండో వంటింటికి తెలియదు. మామూలుగా స్విచ్ ఆటల సేవ్‌లు యంత్రం లోపలి మెమరీలోనే ఉంటాయి, కార్డులో ఉండవు. నకలులో ఆడితే మాత్రం ఆ సేవ్‌లు కార్డులోని నకలులోనే ఉంటాయి. కాబట్టి పవర్ బటన్ నొక్కి పట్టుకుని, నిద్రపుచ్చడం కాకుండా పూర్తిగా ఆపి, మెమరీ కార్డు తీసి, మళ్లీ వెలిగించండి. అబ్బాయి పేరూ బొమ్మా ఉన్న ప్రొఫైల్ యథాతథంగా కనబడితే ఆడినది యంత్రంలోనే ఉన్నట్టు, అప్‌డేట్ దాన్ని చెరపదు. ఎవరిదో పాత పేరు గానీ, ఖాళీ తెర గానీ వస్తే అతను ఇన్నాళ్లూ నకలులో ఆడాడని అర్థం. అప్పుడు ఆ కార్డును కంప్యూటర్‌లో మొత్తంగా కాపీ చేసి దాచండి, ఫార్మాట్ చేయమని యంత్రం అడిగితే ఒప్పుకోకండి. చిప్పు అతికించిన యంత్రమైతే కార్డు తీయగానే కార్డు లేదన్న తెర రావచ్చు, కంగారు పడవద్దు.

మా అక్క కొడుకు స్విచ్ విషయంలో నేను ఈ పరీక్ష చేశాకే అప్‌డేట్ నొక్కాను. అది నకలు లేని రకం. అప్‌డేట్ తరువాత దొంగ ఆటల బొమ్మలు తెర మీద అలాగే ఉన్నాయి, తాకితే మాత్రం ఒక్కటీ మొదలు కాలేదు. వాడు ఒక రోజంతా మాతో మాట్లాడలేదు. అసలు కార్డుతో ఆడినవాటి సేవ్‌లు మాత్రం అన్నీ భద్రంగా ఉన్నాయి.

వైఫై సంగతి అప్‌డేట్ కంటే పెద్దది. ప్రతి అసలు ఆట కార్డులోనూ దానికే చెందిన సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది. ఆన్‌లైన్‌కు వెళ్లినప్పుడు కంపెనీ సర్వర్లు దాన్ని చూస్తాయి. ఒకే సర్టిఫికెట్ రెండు ఊళ్లలో రెండు యంత్రాల్లో కనబడితే అది నకలేనని తేలిపోతుంది. అలా పట్టుబడిన యంత్రాన్ని ఆన్‌లైన్ సేవల నుంచి నిషేధిస్తారు. నిషేధం ఆ యంత్రానికి తగులుకుంటుంది కనుక, చేతులు మారినా పోదు. మీకు అమ్మినాయన వైఫైకి కలపవద్దని చెప్పడంలో అప్‌డేట్ భయం కంటే, అది ఇప్పటికే నిషేధానికి గురైందన్న రహస్యం ఉండే అవకాశం ఎక్కువని నా అనుమానం. అప్‌డేట్ పూర్తయ్యాక ఈ-షాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) తెరిచి చూడండి, ఈ యంత్రానికి ఆన్‌లైన్ సేవలు ఆపేశామన్న సందేశం వస్తే సంగతి తెలిసిపోతుంది. అయినా కార్డు ఆటలు నడుస్తాయి. మళ్లీ ఎప్పుడైనా పాత యంత్రం కొనేటప్పుడు డబ్బు చేతికివ్వకముందే, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి అక్కడే ఈ-షాప్ తెరిపించుకోండి.

చట్టం గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది పిల్లల ఆటే కదా అని చాలామంది అనుకుంటారు. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణ తాళాలను ఛేదించడం నేరం, రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. దొంగ నకలని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడటానికి 63బి సెక్షన్ వేరే ఉంది.

నొక్కే రోజున వాన మబ్బు లేని పగటిపూట చూసుకుని, ఛార్జ్ నిండుగా ఎక్కించి, ఛార్జర్ పెట్టే ఉంచి మొదలుపెట్టండి. గీత పూర్తయ్యేవరకు అబ్బాయిని బటన్ల జోలికి వెళ్లనివ్వకండి. ఈలోగా మీది ఏ కాలపు యంత్రమో తెలుసుకోవాలంటే, అడుగున ఛార్జింగ్ పెట్టే చోటి పక్కనున్న స్టిక్కర్ మీద సీరియల్ నంబరు ఉంటుంది. అందులో మొదటి మూడు అక్షరాలు, వాటి వెనకాల ఐదు అంకెలు ఇక్కడ రాస్తే చెప్పగలను. పూర్తి నంబరు మాత్రం నలుగురికీ కనబడేలా రాయకండి.