పెద్ద కోచ్ దగ్గరికి పంపకపోతే పాప భవిష్యత్తు పాడైనట్టేనా?

ప్రశ్న: మాది కావలి. పాపకు తొమ్మిదేళ్లు. ఈత బాగా కొడుతుంది, జిమ్నాస్టిక్స్‌లోనూ చురుకే. చెన్నైలో ఒక రెసిడెన్షియల్ అకాడమీ వాళ్లు అంతర్జాతీయ కోచ్ ఉన్నాడు, ఇప్పుడే చేర్పించమంటున్నారు. ఈత, జిమ్నాస్టిక్స్ రెండింటిలో ఏది మేలు? ఇక్కడే ఉంచితే దాని భవిష్యత్తు పాడుచేసిన వాళ్లమవుతామా?

జవాబు: మీ అసలు ప్రశ్న ఆ చివరిదే. నెల్లూరు, ఒంగోలు తల్లిదండ్రులు ఐఐటీ ఫౌండేషన్ గురించి అడిగేదీ ఇదే. పాడుచేసినట్టు కాదండీ. స్థిమితపడండి.

జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ ఆరేళ్లకు మొదలుపెట్టింది సొంతూరు అగర్తలాలోనే. ముందు సోమా నంది, తర్వాత ఆవిడ భర్త బిశ్వేశ్వర్ నంది నేర్పారు. దీపవి చదును పాదాలు. జిమ్నాస్ట్‌కి అది పెద్ద ఇబ్బంది. దాన్ని సరిచేయడానికే ఆయన ఏళ్లు వెచ్చించాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో, పరుగెత్తుకొచ్చి బల్ల మీంచి ఎగిరే వాల్ట్ పోటీలో దీపకు 0.150 పాయింట్ల తేడాతో కాంస్యం తప్పింది. బిశ్వేశ్వర్ నందికి కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు వచ్చిందీ ఆ ఏడాదే. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కూడా పదకొండేళ్లప్పుడు సొంతూరు బాల్టిమోర్ క్లబ్బులోనే కోచ్ బాబ్ బౌమన్ చేతికొచ్చాడు. అప్పటికి బౌమన్ పేరు ఎవరికి తెలుసు?

అందుకే ఈ 'అంతర్జాతీయ కోచ్' బోర్డులంటే నాకు గురి లేదు. ఆయన పెద్ద బ్యాచ్‌తో ఉంటే మీ పాపకు నేర్పేదెవరు? ఆ మనిషికి పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా ఉందా? ప్రాక్టీసు చూడనిస్తారా? బీమ్ (జిమ్నాస్టిక్స్‌లో నడిచే సన్నటి దూలం) మీద నుంచి పడిన పిల్లతో కోచ్ అనే మొదటి మాటేమిటో చెవిన వేసుకోండి. చూడనివ్వకపోతే అటునుంచి అటే బస్సెక్కండి. ఒలింపిక్ జిమ్నాస్ట్ నదియా కొమనెచిని తీర్చిదిద్దిన కోచ్ బేలా కరోలీ కంటే పెద్ద పేరేముంది? ఆయన అమెరికా శిబిరంలోనే జట్టు డాక్టరు ఆడపిల్లల్ని లైంగికంగా వేధించాడు. అక్కడికి తల్లిదండ్రుల్ని రానిచ్చేవారు కాదు. 2018లో ఆ శిబిరం మూతపడింది.

ఒక మాట, కోపం తెచ్చుకోకండి. ఉత్తరం నిండా కోచ్, అకాడమీ, భవిష్యత్తు. పాపకు నీళ్లిష్టమో మ్యాట్ ఇష్టమో ఒక్క ముక్కైనా ఉందా? అడిగారా అసలు? తొమ్మిదేళ్ల పిల్లను హాస్టల్లో వేసి, వారానికోసారి ఫోన్లో "ఎన్ని మెడల్స్?" అనే తండ్రులను చూసి చూసి విసిగిపోయాను.

ఇక పోలిక. ఈతలో గడియారం అబద్ధమాడదు. మూణ్నెల్లకోసారి టైమ్ రాసుకుంటే కోచ్ పనితనం మీకే తెలుస్తుంది. అయితే 25 మీటర్ల కొలనులో గోడను తన్నే ఊపు వల్ల టైమ్ తగ్గుతుంది. దాన్ని 50 మీటర్ల టైమ్‌తో పోల్చి మురిసిపోకండి. జిమ్నాస్టిక్స్‌లో మార్కులు జడ్జీల చేతిలో ఉంటాయి. మంచి ల్యాండింగ్ మ్యాట్లు, ఫోమ్ పిట్ (పడినా దెబ్బ తగలకుండా స్పాంజి ముక్కలు నింపిన గుంట) లేనిచోట కష్టమైన విన్యాసాలు చేయించనివ్వకండి. మహిళల సీనియర్ అంతర్జాతీయ పోటీలకు పదహారు నిండే ఏడాది రావాలి కాబట్టి తొందరేమీ లేదు.

ప్రస్తుతానికి రెండూ కావలిలోనే సాగనివ్వండి. వేసవి సెలవుల్లో ఆ అకాడమీ క్యాంపు ఉంటే కొద్దిరోజులు మీరూ దగ్గరుండి చూడండి. అంతవరకు అడ్వాన్సు మాత్రం కట్టకండి.