పిచ్చిగీతల పుస్తకం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డూడుల్ (పిచ్చిగీతల బొమ్మ) నమూనాల పుస్తకం చూసి అచ్చంగా దించగలుగుతున్నాను. మూసేస్తే మాత్రం చేయి ఆడటం లేదు. ఇలాంటి పుస్తకాలతో సొంత ఊహ పెరుగుతుందా?

జవాబు: దించితే చేయి కుదురుతుంది, ఊహకు మాత్రం పని దొరకదు. ఆ పని మీరే కల్పించుకోవాలి. పేజీ మొత్తం వద్దు, 9 సెంటీమీటర్ల చదరం గీసుకోండి. ఒక నమూనాను చూసి ఒక్కసారే వేయండి. పుస్తకం మూసి దాన్నే మరో మూడు చదరాల్లో వేయండి. మొదటి చదరంలో కొలత మార్చండి: గోరంత ఉన్నదాన్ని అరచేయంత చేయండి. పెరిగేకొద్దీ మధ్యలో ఖాళీలు తేలతాయి, వాటిని దేనితో నింపాలో పుస్తకంలో ఉండదు. రెండోదాంట్లో ఒక భాగం తీసేసి వేరేది పెట్టండి: ఆకులుంటే మెట్లు, చుక్కలుంటే కళ్లు. మూడోదాంట్లో నిలువు గీతలన్నిటినీ వంకర తిప్పండి.

పెన్సిల్ కాకుండా 0.3 లేదా 0.5 మిల్లీమీటర్ల మొన ఉన్న పెన్ను వాడండి. రబ్బరు చేతిలో ఉంటే ప్రతి గీత దగ్గరా ఆగిపోతారు. నమూనా గుర్తుకు రాక చేయి తనంతట తాను వేసిన గీతలున్నాయే, వాటిని అస్సలు కొట్టేయకండి. మీకు కావలసినవి అవే.

ప్రశ్న: ఖాళీ పేజీ చూస్తే భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ పేజీని ఖాళీగా ఉంచకండి. మరకలు పడ్డ గోడల్లో కొండలు, యుద్ధాలు, ముఖాలు వెతకమని లియొనార్డో డావిన్చీ చిత్రకారులకు సలహా ఇచ్చాడు. 1925లో జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ నేల చెక్కల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది, తేలిన గరుకు జాడల్లోంచి బొమ్మలు తీశాడు. మీరూ గరుకు చెక్క మీద 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే పలుచని) కాగితం పెట్టి, మెత్తగా నల్లగా రాసే 4బీ లేదా 6బీ పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. మందపు కాగితమైతే జాడ సరిగా రాదు. తర్వాత కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూడండి. ఏదో ఒక రూపం కనబడేదాకా గీత గీయవద్దు. కనబడ్డాక నాలుగైదు గీతలతో దాన్ని బయటికి లాగండి, మిగతా మరకను అలాగే వదిలేయండి.

ప్రశ్న: నా ఆర్ట్ జర్నల్‌లో (బొమ్మలు, రంగులు, రాతలు కలిపి నింపే పుస్తకంలో) పేజీలు ముడుచుకుపోతున్నాయి, రంగు వెనక్కి దిగుతోంది, ఎదురెదురు పేజీలు అంటుకుపోతున్నాయి. అట్ట కూడా ఉబ్బింది.

జవాబు: ఇవి వేర్వేరు జబ్బులు. తడిసిన వైపు కాగితం సాగి, పొడి వైపు సాగకపోవడం వల్ల పేజీ వంకరపోతుంది. మామూలు నోటుపుస్తకం తడి రంగులకు ఆగదు. కనీసం 200 జీఎస్‌ఎం తీసుకోండి, నీరు బాగా వాడితే 300. ఉన్న పుస్తకంతోనే నెట్టుకురావాలంటే రెండేసి పేజీలు అతికించి, పైన జెస్సో (రంగుకు ముందు పూసే తెల్లటి పూత) పలుచగా పూయండి. రంగు దిగడం చాలావరకు తగ్గుతుంది. అతికించడానికి గ్లూ స్టిక్ మేలు, నీళ్ల జిగురు మళ్లీ ముడతలు తెస్తుంది.

అంటుకునేది యాక్రిలిక్ రంగు. అది పైకి ఆరినట్టున్నా, పుస్తకం మూసి బరువు పడితే రెండు పొరలూ పట్టుకుంటాయి. రాత్రంతా తెరిచి ఉంచి, తర్వాత మధ్యలో మైనపు కాగితం పెట్టండి. యాక్రిలిక్ పచ్చిగా ఉండగా పెన్నుతో రాస్తే ములికి పూడుకుపోతుంది, మళ్లీ బాగుపడటం అనుమానమే.

అట్ట ఉబ్బకుండా మొదలుపెట్టకముందే ప్రతి మూడో నాలుగో పేజీ తీసేయాలి. చింపకండి. కుట్టిన పుస్తకంలో ఒక పేజీని లాగితే దాని జత పేజీ ఊడివస్తుంది. కుట్టు దగ్గర ఒక సెంటీమీటరు అంచు వదిలి బ్లేడుతో కోయండి. బొమ్మలు, కాగితాలు అతికించినప్పుడు పెరిగే మందానికి ఆ అంచులే చోటిస్తాయి.

ప్రశ్న: ఉపన్యాసం వింటూ పిచ్చిగీతలు గీస్తే ధ్యాస చెదురుతుందా?

జవాబు: గీతను బట్టి ఉంటుంది. మనోవైజ్ఞానికురాలు జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపించారు. వింటూ ఆకారాలను పెన్సిల్‌తో నింపినవాళ్లు మిగతావాళ్లకంటే 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. అది ఆలోచన అక్కర్లేని పని. ముఖం పోలిక కోసం తంటాలు పడితే మాత్రం మాటలు చెవికెక్కవు.