41 నవలల లోకంలోకి ఏ దారిన వెళ్లాలి?

ప్రశ్న: ఇంగ్లీషు ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా అబ్బాయి, ఇంగ్లండు రచయిత టెర్రీ ప్రాచెట్ రాసిన 'డిస్క్‌వరల్డ్' హాస్య నవలలు కొన్ని తెచ్చిపెట్టి, వరుసగా చదవమన్నాడు. మొదటిదైన 'ద కలర్ ఆఫ్ మ్యాజిక్' పూర్తిచేశాను గానీ అందరూ మెచ్చుకునే హాస్యం నాకు అందలేదు. మొత్తం 41 నవలలట. ఇలాగే వరుసలో సాగమంటారా, మానేయమంటారా? తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనుమరాలికి ఏది ఇవ్వవచ్చు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: దయచేసి మానేయకండి, వరుసను మాత్రం కొంతకాలం పక్కన పెట్టండి. 1983లో వచ్చిన ఆ మొదటి నవల, అంతకు ముందు ఇంగ్లీషులో వెల్లువలా వచ్చిన ఖడ్గవీరుల, మాంత్రికుల కథలను ఆటపట్టించడానికి రాసినది. అసలు కథలు తెలియకపోతే పేరడీ నవ్వించదు కదా. చందమామ, కాశీమజిలీ కథలు చదివి పెరిగిన మనకు అది ఒక గండం నుంచి మరో గండానికి పరుగెత్తే కథగానే కనిపిస్తుంది. అయితే ఆ లోకపు పునాది మాత్రం మనకు ఎంతో పరిచితం. బల్లపరుపుగా ఉన్న భూమిని నాలుగు ఏనుగులు మోస్తుంటే, ఆ ఏనుగులను వీపున పెట్టుకొని ఒక మహా తాబేలు అంతరిక్షంలో ఈదుతూ ఉంటుంది. దిగ్గజాల గురించీ ఆదికూర్మం గురించీ చిన్ననాడే విన్నవారికి దీనికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఈ 41 నవలలూ కలిసి ఒకే కథ కాదు. మంత్రగత్తెలవి కొన్ని, మృత్యుదేవత ప్రధాన పాత్రగా నడిచేవి కొన్ని, ఆంఖ్-మోర్‌పోర్క్ అనే మహానగరపు కావలిదళానివి మరికొన్ని. మీరు ఈ కావలిదళం కథలను పట్టుకోండి. 1989లో వచ్చిన ఎనిమిదో నవల 'గార్డ్స్! గార్డ్స్!'తో మొదలుపెట్టి, ఆ దళం కథలను మాత్రం వరుస తప్పకుండా చదవండి. అక్కడ వానలో, తాగిన మత్తులో మురికి కాలువలో పడి ఉన్న స్థితిలో మనకు పరిచయమయ్యే దళనాయకుడు శామ్ వైమ్స్, పుస్తకం వెంట పుస్తకంగా పెళ్లి చేసుకొని, పదవిలో ఎదిగి, 2002 నాటి 'నైట్ వాచ్'లో తండ్రి అవుతాడు, 'థడ్!'లోనైతే నగరం అల్లర్లతో అట్టుడుకుతున్నా సాయంత్రం ఆరు గంటలకల్లా ఇల్లు చేరి, పసివాడైన కొడుక్కు బొమ్మల పుస్తకం చదివి వినిపించడాన్ని వ్రతంలా పాటిస్తాడు. ఆ ఆరు గంటల నియమం మీ గుండెను తాకాలంటే కాలువలో పడి ఉన్న ఆ మనిషిని మీరు ముందుగా చూసి ఉండాలి. సుదీర్ఘమైన నవలామాల మాత్రమే ఇవ్వగలిగినది ఇదే. అందుకే 'నైట్ వాచ్' ఎంత గొప్పదని ఎవరు చెప్పినా, దానిని ముందుగా తెరవవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

హాస్యం ఎక్కడుందో తెలియడానికి ఈ దళం కథలలో రెండోదైన 'మెన్ ఎట్ ఆర్మ్స్'లోని బూట్ల ప్రస్తావన చూడండి. వైమ్స్ జీతం నెలకు 38 డాలర్లు. మంచి తోలు బూట్లు 50 డాలర్లు, ఏళ్ల తరబడి మన్నుతాయి. అతడు కొనగలిగినవి 10 డాలర్లవి; ఒకటి రెండు రుతువులు గడిచేసరికి అందులోని అట్ట అరిగి నీళ్లు కారతాయి. పదేళ్లలో పేదవాడు బూట్లకు 100 డాలర్లు పోసినా అతని కాళ్లు తడుస్తూనే ఉంటాయి. పేదరికం ఎంత ఖరీదైనదో ఇంత సూటిగా చెప్పిన పేజీలు అరుదు. నెలాఖరున చేబదులు తెచ్చుకున్న ఏ కుటుంబానికైనా ఈ లెక్క తెలిసినదే.

పేజీ అడుగున ఉండే అధోజ్ఞాపికలను (ఫుట్‌నోట్లను) దాటవేయకండి, సగం చమత్కారం అక్కడే ఉంటుంది. కొన్ని ఈ-పుస్తకాలలో అవి చివరికి వెళ్లిపోయి చదువు తెగిపోతుంది కనుక అచ్చు ప్రతులే మేలు. వరంగల్ దుకాణాలలో అన్నీ ఒక్కసారి దొరకకపోవచ్చు. ఆదివారం కాజీపేటలో రైలెక్కి వెళ్లగలిగితే హైదరాబాదు అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలలో వెతకండి. చాలా నవలలకు అధ్యాయాల విభజన లేదు కాబట్టి సన్నివేశం ముగిసిన చోటనే ఆపుకోవాలి. ఒకదాని వెంట ఒకటి ఏకబిగిన చదవడం నాకు నచ్చదు. మధ్యలో వేరే రచయితను చదివి తిరిగి వస్తే ఆ చమత్కారం మళ్లీ తాజాగా తగులుతుంది. రచయిత ఎదుగుదలను చూడాలనుకుంటే ఆ తొలి నవలకు ఎప్పుడైనా తిరిగి వెళ్లవచ్చు.

మీ మనుమరాలికి 2003లో వచ్చిన 'ద వీ ఫ్రీ మెన్' ఇవ్వండి. గొర్రెల కాపరుల ఇంటి తొమ్మిదేళ్ల టిఫనీ, తమ్ముణ్ని ఎత్తుకుపోయిన రాణి మీదికి వేపుడు పెనం పట్టుకొని బయలుదేరుతుంది. టిఫనీ కథలు అయిదు. వాటిలో చివరిదైన 'ద షెపర్డ్స్ క్రౌన్'ను మాత్రం మీరిద్దరూ ఆఖరున చదవండి. 2007లో అల్జీమర్స్ కోవకు చెందిన వ్యాధి బయటపడ్డాక, టైపు చేయలేని స్థితిలో చెప్పి రాయిస్తూ కూడా ప్రాచెట్ నవలలు ఆపలేదు. 2015 మార్చిలో ఆయన మరణించిన తరువాత అదే ఏడాది ఈ నవల వెలువడింది. ఆయన కోరిక మేరకు, అసంపూర్తి రచనలున్న హార్డ్‌డిస్కును 2017లో ఆవిరి రోడ్డు రోలరుతో తొక్కించారు. కనుక ఆ లోకంలో ఇక కొత్త నవల రాదు.