సెషన్ల తర్వాత ఎనిమిది నెలలు: మారానని నేను చెబితే చాలదా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పదేళ్లుగా డిప్రెషన్ ఉంది. మూడు రకాల మందులు వాడినా పూర్తిగా తగ్గలేదు. ఒక క్లినికల్ ట్రయల్‌లో చేరి, ఎనిమిది నెలల క్రితం మూడు వారాల తేడాతో రెండు సైలోసైబిన్ (కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే, చూపునూ ఆలోచననూ కొన్ని గంటలపాటు మార్చేసే మందు) సెషన్లు తీసుకున్నాను. రెండుసార్లూ 25 మిల్లీగ్రాములు ఇచ్చామని తర్వాత చెప్పారు. అంతకుముందు వాడుతున్న డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్‌ను అక్కడి డాక్టర్లే నెమ్మదిగా ఆపించారు. మొదటి మూడు నెలలూ గుండెల మీది బండ దింపినట్టుగా ఉంది. ఇప్పటికీ మునుపటికన్నా మెరుగే గానీ, రెండు నెలలుగా పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. తెల్లటి గోడవైపు కాసేపు చూస్తే సన్నటి అలలు కదులుతున్నట్టు ఉంటుంది. చేయి ఊపితే దాని వెనకే నాలుగైదు చేతులు నీడల్లా కనిపిస్తాయి. రెండో సెషన్‌లో, చిన్నప్పుడు మా దగ్గరి బంధువొకరు నన్ను చీకటి గదిలో పెట్టి గడియ వేసిన దృశ్యం కళ్లకు కట్టింది. అంతకుముందు నాకు అలాంటి జ్ఞాపకమే లేదు. నేను మారానంటే మా తమ్ముడు "అది నువ్వనుకోవడమే అక్కా, ఎవరు కొలిచారు?" అంటాడు. నా మార్పు నిజమేనా? ఆ దృశ్యాన్ని నమ్మాలా? మూడో సెషన్ కోసం ప్రయత్నించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ తమ్ముడు వేసిన ప్రశ్న మంచిదే, కానీ దానికి ఆయన ముందే అనుకున్న జవాబు సరికాదు. డిప్రెషన్‌ను రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో కొలిచే పద్ధతి ఇప్పటికీ లేదు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, దేనిమీదైనా ఆసక్తి కలుగుతోందా, బతుకు మీద విరక్తి పుడుతోందా అని మానసిక వైద్యులుగా మేం అడుగుతాం, మీరు చెబుతారు, ఆ చెప్పినదానికే మార్కులు వేస్తాం. పదేళ్ల మీ బాధను మీ మాటను బట్టే నమ్మినవాళ్లం, తేలికపడ్డానన్న మాట దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం అడగడం న్యాయం కాదు.

అయితే మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సంగతులు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. "నాకు తేలికగా ఉంది" అన్నది మొదటిది; దీనికి మీకు మించిన సాక్షి లేరు. "ఆ సెషన్ల వల్లే తేలికపడ్డాను" అన్నది రెండోది; ఇందులో మీరు సాక్షి మాత్రమే, తీర్పు చెప్పాల్సింది మాత్రం మీరు కాదు. "చిన్నప్పుడు ఫలానాది జరిగింది" అన్నది మూడోది; ఇక్కడ అనుభూతి ఎంత గాఢంగా ఉన్నా అదొక్కటే ఆధారం కాలేదు. సైకెడెలిక్ చికిత్స (సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ లాంటి భ్రాంతులు కలిగించే మందులతో ఇచ్చేది) తీసుకున్నవారు తమలో నిలిచిపోయాయని చెప్పే మార్పుల గురించి అరవయ్యేళ్లుగా జరుగుతున్న వాదన చాలావరకు ఈ మూడింటినీ విడదీయకపోవడం వల్ల వచ్చిందేనని నా అభిప్రాయం.

1962లో బోస్టన్ యూనివర్సిటీ ప్రాంగణంలోని మార్ష్ చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో వాల్టర్ పాంకే అనే పరిశోధకుడు ఇరవై మంది మతశాస్త్ర విద్యార్థులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు సైలోసైబిన్, మరో జట్టుకు పోలిక కోసం ఒళ్లంతా వేడెక్కించే నికోటినిక్ యాసిడ్ ఇచ్చారు. దాదాపు పాతికేళ్ల తర్వాత వాళ్లలో 16 మందిని వెతికి పట్టుకుని మాట్లాడిన రిక్ డాబ్లిన్ 1991లో ఆ వివరాలు ప్రచురించారు. సైలోసైబిన్ తీసుకున్నవాళ్లు, ఇన్నేళ్లయినా ఆ రోజు తమ జీవితంలో ముఖ్యమైనదిగానే నిలిచి ఉందని చెప్పారు. కానీ అదే పరిశీలనలో ఇంకో విషయం కూడా బయటపడింది: ఆ రోజు ఒక విద్యార్థి అదుపు తప్పితే మత్తు ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చిందనీ, మొదటి నివేదికలో ఆ సంగతి రాయలేదనీ తేలింది. మంచి కథలు నిలబడినంతగా చెడ్డ కథలు నిలబడవన్నది ఈ రంగాన్ని మొదటి నుంచీ పట్టి ఉన్న జబ్బు.

జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం 36 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం ఇంతకంటే జాగ్రత్తగా జరిగింది. పద్నాలుగు నెలల తర్వాత మళ్లీ అడిగితే 58 శాతం మంది ఆ అనుభవాన్ని తమ జీవితంలోని అత్యంత అర్థవంతమైన ఐదింటిలో ఒకటిగా లెక్కగట్టారు. పత్రికలు ఎక్కువగా పట్టుకున్నది ఈ అంకెనే. నాకు మాత్రం అందులో నచ్చింది వేరే ఉంది. పాల్గొన్నవారి మాటతో సరిపెట్టుకోకుండా, వారి స్నేహితులను, ఇంటివారిని, తోటి ఉద్యోగులను కూడా పరిశోధకులు విడిగా అడిగారు. వాళ్లు చూసిన మార్పు మంచిదే, కానీ ఒక మోస్తరుది. పాల్గొన్నవారు మాట్లాడిన స్థాయిలో జీవితం తలకిందులైనంత మార్పు వాళ్ల జవాబుల్లో కనిపించలేదు. ఆ రోజు ఏదో ఒక సమయంలో తీవ్రమైన భయం కలిగిందని దాదాపు మూడో వంతు మంది చెప్పడం కూడా అదే అధ్యయనంలో ఉంది.

ఇక "సెషన్ల వల్లే" అన్న మాట. ఈ మందుల పరిశోధనలో ఎంతకీ తెగని చిక్కు ఏమిటంటే, ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో గంట తిరిగేసరికి గదిలో అందరికీ తెలిసిపోతుంది. గోడలు ఊపిరి తీస్తున్నట్టు కనిపించాక, నాకిచ్చింది డమ్మీ మాత్రేమో అని ఎవరూ అనుకోరు. అలా తెలిసిన క్షణం నుంచి, ఎంతో ఎదురుచూసిన చికిత్స నాకు అందిందన్న ఆశ కూడా పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ ఆశ ఎంత పని చేయగలదో 2021లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. అతి తక్కువ మోతాదులో సైకెడెలిక్‌లు తీసుకునే 191 మంది, ఏ వారం ఏ క్యాప్సూల్ వేసుకుంటున్నారో తమకే తెలియకుండా ఏర్పాటు చేసుకున్నారు. అసలు మందు వేసుకున్నవారి మనసు కుదుటపడిన మాట నిజమే, కానీ ఖాళీ క్యాప్సూల్ వేసుకున్నవారిదీ ఇంచుమించు అంతే కుదుటపడింది. 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పీటీఎస్‌డీకి (ఘోరమైన సంఘటన తర్వాత వదలని మానసిక గాయానికి) ఎండీఎంఏ అనే మరో మందుతో ఇచ్చే చికిత్సను ఆమోదించకపోవడం వెనక చర్చకు వచ్చిన లోపాల్లో, ఎవరికి ఏది అందిందో ఇలా తెలిసిపోవడం కూడా ఒకటి. మీరు తీసుకున్నది పెద్ద మోతాదు కనుక అంతా ఆశే అని నేను అనను. సైలోసైబిన్ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే ఒక రకం గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. చిట్టెలుకల్లో ఒకే ఒక్క మోతాదు తర్వాత నాడీకణాల మీద పుట్టిన కొత్త మొలకల్లో కొన్ని నెల దాకా నిలిచి ఉండటాన్ని 2021లోనే గమనించారు. మందు, ఆశ, పక్కన కూర్చున్న థెరపిస్టు, మీరు పడిన శ్రమ కలిసి ఈ మార్పు తెచ్చి ఉండవచ్చు. అందులో ఏది ఎంత అని మీ ఒక్కరి విషయంలో ఎవరూ తూచి చెప్పలేరు.

రెండు నెలలుగా పొద్దున్నే లేవలేకపోవడాన్ని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది అదే. మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 233 మందికి ఒక్కసారి సైలోసైబిన్ ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. మూడు వారాల దగ్గర, 25 మిల్లీగ్రాములు అందినవారిలో 37 శాతం మందికి బాధ సగమో అంతకన్నా ఎక్కువో తగ్గింది. ఒక మిల్లీగ్రాము మాత్రమే అందినవారిలో అలా తగ్గినవారు 18 శాతం. ఆ మేలు పన్నెండు వారాల దాకా నిలిచినవారిని లెక్కిస్తే ఆ అంకెలు 20, 10 శాతానికి దిగాయి. అంటే కొందరిలో మేలు నెలల తరబడి నిలుస్తుంది, చాలామందిలో జారిపోతుంది. మీది జారుతోందేమోనన్న అనుమానం నాకుంది. ఇలా జారినప్పుడు "ఇంత గొప్ప అనుభవం కలిగాక కూడా మళ్లీ ఇలా అయ్యానంటే లోపం నాదే" అని తమను తాము నిందించుకుని, డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడి, మూడు నెలలు ఆలస్యం చేసి వచ్చినవారిని నేను చూశాను. దయచేసి అలా చేయకండి. డిప్రెషన్ తిరగబెట్టే స్వభావమున్న జబ్బు, అది ఏ చికిత్స తర్వాతైనా తిరగబెట్టవచ్చు.

చూపు విషయానికి వద్దాం. కదిలే వస్తువు వెనక దాని నీడలు సాగడం, నిశ్చలంగా ఉన్న గోడ అలలాడటం, వెలుగు చుట్టూ వలయాలు కనిపించడం, చూసిన బొమ్మ చూపు తిప్పాక కూడా నిలిచిపోవడం ఈ మందులు వాడినవారిలో కొందరికి తర్వాత కూడా ఉంటాయి. అవి విడవకుండా ఉండి, బాధ పెట్టడమో పనికి అడ్డుపడటమో చేస్తే, దాన్ని మానసిక వైద్యంలో హెచ్‌పీపీడీ అనే ప్రత్యేక సమస్యగా గుర్తించారు. మీకు కనిపించేవి అసలైనవి కావని మీకు స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి, దీన్ని మతిభ్రమణం కింద ఎవరూ జమకట్టకూడదు. కానీ హెచ్‌పీపీడీ అని పేరు పెట్టేముందు కంటి లోపలి పొరను, మైగ్రేన్‌ను, మెదడు వెనకభాగంలో పుట్టే ఒక రకం మూర్ఛను పరీక్షించి లేవని తేల్చుకోవాలి. ఇది ఉందా లేదా అని రోజుకు పదిసార్లు గోడవైపు చూసి పరీక్షించుకోవడం మానేయండి. ఎంత వెతికితే అంత కనిపిస్తుంది. నిద్ర తక్కువైనా, గంజాయి లాంటివి తోడైనా ఇవి ఎక్కువవుతాయి. రాత్రివేళ ఎదురుగా వచ్చే వాహనాల వెలుగు సాగినట్టు కనిపిస్తుంటే పరీక్షలు పూర్తయ్యేదాకా వాహనం నడపవద్దు. కొన్ని మానసిక మందులతో ఈ లక్షణాలు ఇంకా పెరిగిన సందర్భాలున్నాయి కాబట్టి ఇంట్లో ఉన్న పాత మాత్రలేవీ సొంతంగా వేసుకోకండి.

ఇలాంటి ఇబ్బందులు ఎంతకాలం ఉంటాయని మీరు అడగలేదు గానీ, వెతికే ఉంటారు. 2023లో ప్రచురితమైన ఒక సర్వేలో, సైకెడెలిక్‌ల తర్వాత ఇబ్బందులు కొనసాగాయన్న 608 మందిని ప్రశ్నించారు. మూడో వంతు మందికి ఏడాది దాటి, ఆరో వంతు మందికి మూడేళ్లు దాటి ఉన్నాయని తేలింది. ఆ అంకెలు చూసి కంగారుపడవద్దు. ఇబ్బంది పడినవారినే పిలిచి అడిగారు కనుక, వాడినవారందరిలో ఎంతమందికి ఇలా అవుతుందో దాన్నిబట్టి చెప్పలేం. 2016లో వచ్చిన మరో సర్వే ఇంకా విచిత్రంగా ఉంటుంది. సైలోసైబిన్ ఉండే పుట్టగొడుగులతో తమకు ఎదురైన అత్యంత దారుణమైన అనుభవం గురించి చెప్పమంటే 1,993 మంది స్పందించారు. జీవితంలో ఎదుర్కొన్న ఐదు కఠినమైన అనుభవాల్లో అదొకటని 39 శాతం మంది అన్నారు, అదే అనుభవం వల్ల మేలు కలిగిందని 84 శాతం మంది అన్నారు. ఆ సంఘటన జరిగి ఏడాది దాటినవారిలో 7.6 శాతం మంది, తర్వాత కూడా వదలని మానసిక లక్షణాలకు చికిత్స కోసం వెళ్లారు. ఈ మాటల్లో దేన్ని తీసేసినా మిగిలింది అబద్ధంగా తయారవుతుంది. మీ ఉత్తరం కూడా అలాంటిదే. మేలు జరిగిందన్న మాట చెప్పడానికి గోడమీది అలలను దాచనక్కర్లేదు.

చీకటి గది దృశ్యం గురించి ఎక్కువ జాగ్రత్తగా రాయాలి. ఈ మందుల ప్రభావంలో కలిగే అనుభవానికి ఒక ప్రత్యేక లక్షణం ఉంది: కనిపించినది కనిపించినట్టు ఉండిపోకుండా, "ఇదే సత్యం" అన్న తిరుగులేని నమ్మకాన్ని కూడా వెంట తెస్తుంది. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1902లోనే దీన్ని ఆధ్యాత్మిక అనుభవాల లక్షణంగా వర్ణించారు. దానికి తోడు, ఎల్‌ఎస్‌డీ లాంటి మందుల ప్రభావంలో మనసు ఇతరుల సూచనలకు మామూలుకన్నా తేలిగ్గా లొంగుతుందని ప్రయోగాలు చూపించాయి. మామూలు స్థితిలో కూడా మన జ్ఞాపకం తలచుకున్న ప్రతిసారీ కొంత కొత్తగా అల్లుకుంటుంది. కాబట్టి ఆ దృశ్యం జరిగినదే కావచ్చు, చిన్ననాటి వేరే భయమేదో ఆ రూపం తొడుక్కుని వచ్చి ఉండవచ్చు, వట్టి కల్పనే కావచ్చు. మీకు కలిగిన గట్టి నమ్మకాన్నిబట్టి వీటిలో ఏది అన్నది తేలదు. జరగలేదని నేను అనడం లేదని గమనించండి. బయటి ఆధారమేదీ లేకుండా ఆ బంధువును నిలదీయడం, కుటుంబంలో చెప్పడం ప్రస్తుతానికి ఆపండి. అలాగే "అది భ్రమ, మరిచిపో" అనేవారి మాటకూ తలొగ్గనక్కర్లేదు. ఆ దృశ్యం తెచ్చిన భయం నిజం, దానికి థెరపీ అవసరం. థెరపిస్టు గనుక "తప్పకుండా జరిగే ఉంటుంది, ఇంకా లోతుకు వెళ్లి గుర్తు తెచ్చుకుందాం" అని తవ్వడం మొదలుపెడితే, ఆ థెరపిస్టును మార్చండి. మందుల ప్రమేయం లేకుండా ముందునుంచీ గుర్తున్న సంఘటన అయితే నా సలహా వేరుగా ఉండేది.

మూడో సెషన్‌కు ఇప్పుడు తొందర వద్దు. చూపులో తేడా ఉండగా అదే మందును మళ్లీ తీసుకోవడం మంచిది కాదు. ముందు దాని సంగతి తేలాలి. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి, అనుమతి పొందిన సైకియాట్రిస్టులు మందులకు లొంగని డిప్రెషన్‌కు సైలోసైబిన్ రాయగలుగుతున్నారు. అలాంటి వ్యవస్థలోనో ట్రయల్‌లోనో తప్ప, సొంతంగా సంపాదించి తీసుకునే ఆలోచన ఉంటే పూర్తిగా మానుకోండి. ముఖ్యంగా బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవారికి సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ లాంటి మందులు తోడైతే ఫిట్స్ వచ్చినట్టు చాలా నివేదికలున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా బైపోలార్ గానీ స్కిజోఫ్రీనియా గానీ ఉందో లేదో మీరు రాయలేదు. ట్రయల్‌లో తప్పకుండా అడిగి ఉంటారు, అప్పుడు చెప్పకుండా వదిలేసినది ఏదైనా ఉంటే ఇప్పుడు చెప్పండి. ఎస్సిటాలోప్రామ్‌ను తిరిగి మొదలుపెట్టే అవకాశాన్ని మీ డాక్టరుతో ఈ వారమే చర్చించండి. ఇలాంటి మందులు వాడుతుండగా తీసుకుంటే సైలోసైబిన్ ప్రభావం మందగించవచ్చన్న కారణంతో కొందరు వాటికి దూరంగా ఉంటారు. జరగవచ్చో లేదో తెలియని సెషన్ కోసం ఇప్పుడు కావలసిన మందును వదులుకోవడం తెలివైన పని కాదు.

ఈలోగా ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. అందులో "ఈ రోజు ఎలా అనిపించింది" అని రాయకండి. ఎన్నింటికి మంచం దిగారు, వచ్చిన ఫోన్లలో ఎన్ని తీశారు, పనికి ఎన్ని రోజులు వెళ్లలేదు, గోడమీది అలలు మీరు వెతక్కుండానే ఎన్నిసార్లు కనిపించాయి – ఇవి మాత్రం అంకెల్లో రాయండి. మీ తమ్ముణ్ని కూడా విడిగా ఒక కాగితం మీద, తనకు కనిపించినంతవరకు మీలో సెషన్లకు ముందు, తర్వాత, ఇప్పుడు ఉన్న తేడాలను, మీరు రాసింది చూడకుండా రాయమనండి. ఎవరు కొలిచారని అడిగింది ఆయనే కాబట్టి ఆ శ్రమ పడటానికి అభ్యంతరం చెప్పరనుకుంటాను. రెండు వారాల తర్వాత ఆ రెంటినీ ట్రయల్ జరిపిన బృందానికి చూపించండి. ట్రయల్ ముగిసినా, చూపులో వచ్చిన తేడాను, దృశ్యం తెచ్చిన భయాన్ని నమోదు చేసుకోమని వారిని అడగండి. నిద్ర లేకపోయినా అలసట తెలియనంత హుషారు, తనను ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం, బతకాలని లేదన్న ఆలోచన – వీటిలో ఏది వచ్చినా రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, వెళ్లేటప్పుడు మీ తమ్ముణ్ని వెంట తీసుకెళ్లండి.